భద్రయ్య గారు లేని లోటు

మా ఆఫీసులో ఎవరు రిటైరైనా మైకు ముందు నిలబడేది నేనే. గొప్పకి చెప్పుకోవడం కాదు, ఇంకెవరూ నిలబడరు. రాష్ట్ర గొడుగుల ప్రోత్సాహక మండలి జిల్లా కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటునయిన దగ్గర్నుంచీ నా నోటి మీదుగా ఎంతమంది ఇంటికెళ్ళారో నాకే గుర్తులేదు.

నా ఉపన్యాసం ఒక్కటే. పేరు మారుతుంది, అంతే. "ఇది సుదినమో దుర్దినమో తేల్చుకోలేని సందిగ్ధంలో మనమందరం ఉన్నాం" అని ఎత్తుకుంటాను. ఆ తర్వాత ఆయన అజాతశత్రువు, నిగర్వి, చీమకైనా హాని తలపెట్టని మనిషి, పగలనక రాత్రనక శ్రమించిన కర్మయోగి, మమ్మల్నందర్నీ సొంత అన్నలా చూసుకున్నారు. చివర్లో గొంతు కాస్త వణికించి "ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిది" అంటాను. అక్కడ చప్పట్లు పడతాయి. చప్పట్లవగానే మిక్చరు పొట్లాలు పంచుతారు. ఒకసారి పేరు మార్చడం మర్చిపోయి, అంతకుముందు దిగిపోయినాయన పేరే చదివేశాను. ఎవరూ పట్టించుకోలేదు. దిగిపోతున్నాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఉపన్యాసమే నా కొంప ముంచింది.

నాకు పెద్ద కోరికలేం లేవు. సూపరింటెండెంటు కుర్చీలో కూర్చుని రిటైరవ్వాలి, అంతే. ఆ కుర్చీకి చేతులున్నాయి. వీపు ఆనుకోవడానికి ఎత్తుంది. అన్నిటికీ మించి, దాని మీద తువ్వాలు వేసుకునే హక్కుంది. మా ఆఫీసులో తువ్వాలున్న కుర్చీలో కూర్చున్నవాడు ఆఫీసరు, లేనివాడు గుమాస్తా. మా ఆవిడ సత్యవేణి నాకంటే తొందరపడి, చీరాలలో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు లేతనీలం తువ్వాలు ఒకటి కొనేసింది.

"అప్పుడే ఎందుకే?" అన్నాను.

"భద్రయ్య గారు దిగిపోతే తర్వాత మీరే కదండీ. అప్పటికప్పుడు బజారుకి పరుగెడతామా?"

అదీ నిజమే. తువ్వాలు నా టేబులు సొరుగులో కలరా ఉండల మధ్య పడుకుని ఎదురుచూస్తూ ఉండేది.

యర్రంశెట్టి వీరభద్రయ్య గారు మా సూపరింటెండెంటు. మనిషి మంచివాడే, పనంటేనే పడదు. పొద్దున్న వచ్చి, తువ్వాలు సర్దుకుని, వెనక్కి వాలి, కళ్ళు మూసుకునేవారు. ఫైలు తీసుకెళితే "అలా పెట్టండి తాతారావు గారూ, చూద్దాం" అనేవారు. చూసేవారు కాదు. నేనే ఆ ఫైలు ఇవతలికి లాక్కుని, పని చేసి, మళ్ళీ అవతలికి తోసేవాణ్ణి. ఆయన ఒక కన్ను తెరిచి సంతకం పెట్టేవారు. భద్రయ్య గారి రెండో కన్ను చూసినవాళ్ళు ఈ జిల్లాలో లేరని మా జూనియర్ అసిస్టెంటు సువార్త అంటూండేది.

ఆయన దిగిపోయే నెలలోనే హెడ్డాఫీసు నుంచి ఆ సర్క్యులర్ ఊడిపడింది. మా హెడ్డాఫీసుకి ఏడాదికో జ్వరం పట్టుకుంటుంది. ఒక ఏడు 'విజన్' అన్నారు. గోడలన్నిటి మీదా విజన్ అని రాయించారు, వానకి గోడ కారి అది కాస్తా కరిగిపోయింది. గొడుగుల ఆఫీసే గానీ మా పైకప్పుకి గొడుగు లేదు. మరో ఏడు 'టీమ్ స్పిరిట్' అని మా అందరి కాళ్ళూ గోనెసంచుల్లో పెట్టించి ఆఫీసు చుట్టూ గెంతించారు. ఈ ఏడు వచ్చింది 'ఎవిడెన్స్ బేస్డ్ మాట'.

మా జిల్లా మేనేజరు హేమసుందరి గారు దాన్ని అందర్నీ నిలబెట్టి చదివి వినిపించారు. "'మండలి ప్రాంగణములందు జరుగు సభలు, సమావేశములు, సన్మానములందు సిబ్బంది పలుకు ప్రతి వాక్యమును అధికారిక ప్రకటనగా పరిగణించడమైనది. సదరు వాక్యమునకు ఆధారము చూపు బాధ్యత వక్తదే. ఆధారము చూపనిచో, లేదా చూపినచో, తదనుగుణ చర్యలు తీసుకొనబడును.'"

"చూపించినా చర్యేనాండీ?" అంది సువార్త.

మేడమ్ కాగితం వెనక్కి తిప్పి చూశారు. "అలాగే ఉందమ్మా. తుచ తప్పకుండా పాటిస్తున్నామని రాసేద్దాం."

రాసేశాం. అందులో ఏముందో మర్చిపోయాం.

భద్రయ్య గారి సన్మానం బ్రహ్మాండంగా జరిగింది. శాలువా కప్పారు, గంధమాల వేశారు, ఆయన ఫొటోనే ఫ్రేము కట్టించి ఆయనకే ఇచ్చారు. నేను మైకు పుచ్చుకున్నాను. ఆ రోజు నా ఆనందానికి అంతులేదు. సోమవారం నుంచి ఆ కుర్చీ నాది. ఆ ఊపులో ఎప్పుడూ చెప్పేదాని మీద కాస్త మసాలా కూడా చల్లాను.

"ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చోవలసినవాణ్ణి నేనే. కానీ సభాముఖంగా చెబుతున్నాను, నేను ఆయన కాలిగోటికి కూడా సరిపోను. ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిది."

చప్పట్లు మోగిపోయాయి. భద్రయ్య గారు రెండు కళ్ళూ తెరిచారు. మా జిల్లా ఇంకా బతికే ఉందని పైవాళ్ళకి తెలియాలని మేడమ్ ఆ వీడియోని హెడ్డాఫీసు గ్రూపులో పెట్టారు. తర్వాత ఆనవాయితీ ప్రకారం అందరం జీపెక్కి భద్రయ్య గారిని ఇంటి దగ్గర దింపి, వాళ్ళావిడ ఇచ్చిన కాఫీ తాగి వచ్చాం.

సోమవారం పొద్దున్నే తువ్వాలు దులిపి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళాను. కుర్చీ పక్కన ఎవరో నిలబడి ఉన్నారు. సన్నగా, నున్నగా, చొక్కా జేబులో మూడు రంగుల పెన్నులతో ఉన్నారు.

"తాతారావు మీరేనా?"

"ఆయ్, నేనేనండీ."

"కూర్చోకండి."

"ఏవండీ?"

"ఆ కుర్చీలో. మీరు కూర్చుంటే లోటు తీరినట్టవుతుంది. అది ఎవరివల్లా తీరదని మీరే అధికారికంగా ప్రకటించి ఉన్నారు."

ఆయన పేరు అవధానుల శేషఫణి. హెడ్డాఫీసులో వాక్య పరిశీలనాధికారి. అలాంటి పోస్టు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. మా వీడియో చూసి రాత్రి బస్సెక్కి వచ్చారట.

"కంగారు పడకండి," అన్నారు, కంగారు పుట్టించే గొంతుతో. "ముందు మనమంతా ఒకే పేజీలోకి రావాలి. ఆ తర్వాత మీ ఉపన్యాసాన్ని వాక్యం వెంట వాక్యం డ్రిల్ డౌన్ చేద్దాం. అప్పుడు దీన్నొక లాజికల్ కంక్లూజన్‌కి తీసుకెళ్దాం."

ఇలాంటి మాటలకి ఆయన ఆధారం చూపించక్కర్లేదా అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

స్టాఫ్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి విచారణ మొదలెట్టారు.

"పగలనక రాత్రనక శ్రమించారన్నారు. పగలు సరే. రాత్రి ఈ ఆఫీసు తాళం తీసిందెవరు?"

వాచ్‌మన్ గంగరాజుని పిలిచారు. అతను చేతులు కట్టుకుని నిజం చెప్పేశాడు. "నేను తియ్యలేదండి బాబూ. అయినా రాత్రిళ్ళు నేనిక్కడుంటే కదండీ తియ్యడానికి."

గంగరాజుకి అక్కడికక్కడే మెమో ఇచ్చారు. అతను దాన్ని చేత్తో పట్టుకుని నా వంక చూసిన చూపు నేను జన్మలో మర్చిపోను.

"చీమకైనా హాని తలపెట్టలేదన్నారు. చీమల మందు కొన్న బిల్లు మీద ఆయన సంతకమే ఉంది."

"అది టీ పంచదార డబ్బా కోసమండీ."

"దేనికోసమన్నది చీమకి అనవసరం." ఎర్ర పెన్నుతో ఏదో రాసుకున్నారు. "మీ అందర్నీ సొంత అన్నలా చూసుకున్నారన్నారు. రక్తసంబంధీకులు ఒకే సెక్షన్లో పనిచేయరాదని నిబంధన."

"అన్నలా అన్నానండీ. అన్న అనలేదు."

"అన్నే అయితే అందరికీ బదిలీ. కాకపోతే మీది తప్పుడు ప్రకటన. ఏది సౌకర్యం?"

హాల్లో ఉన్నవాళ్ళంతా నా నోటి వంకే చూస్తున్నారు. పిల్లల బళ్ళు, సొంత ఇళ్ళు, కట్టుకుంటున్న ఇళ్ళు అన్నీ వాళ్ళ మొహాల్లో కనిపించాయి. సువార్త మెల్లగా చెయ్యెత్తింది. "సార్, సభలో అన్న మాటే అన్నారు గానీ చెల్లెలనలేదండీ. నాకిది వర్తించదు కదండీ?"

"తప్పుడు ప్రకటనేనండీ," అన్నాను. నాకో మెమో వచ్చింది. మిగతావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

"ఇక లోటు విషయం," అని శేషఫణి గారు గొంతు సవరించుకున్నారు. "ఇది మాత్రం అభినందనీయం. ఆధారం ఉన్న వాక్యం. ఆ స్థానానికి అర్హుడైన ఏకైక వ్యక్తి తాతారావు. ఆయనే తాను కాలిగోటికి సరిపోనని స్వీయ అనర్హతను సభాముఖంగా ప్రకటించారు. కాబట్టి లోటు తీర్చలేనిదన్నది నిర్ద్వంద్వంగా రుజువైంది."

"మర్యాదకి అన్నానండి బాబూ."

"మర్యాదకి ప్రత్యేకమైన కాలమ్ లేదు."

మధ్యాహ్నానికల్లా సూపరింటెండెంటు కుర్చీ చుట్టూ తాడు కట్టేశారు. తాడుకి బోర్డు తగిలించారు. 'తీర్చలేని లోటు. కూర్చోరాదు.' నా తువ్వాలు మళ్ళీ సొరుగులోకి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆరు నెలల్లో నేనూ రిటైరవుతాను. ఇంటికెళ్ళి ఏం చెప్పాలో తెలియలేదు.

చెప్పాల్సొచ్చింది. సత్యవేణి అంతా విని, చేతిలో గరిట పక్కన పెట్టింది.

"మీరు కాలిగోటికి సరిపోరని మీరే అన్నారా?"

"సభ అన్నాక అలా అంటార్లే."

"పెళ్ళయిన దగ్గర్నుంచి నన్ను పొగడమంటే మాటలు రావు మీకు. ఆయన కాలిగోటి దాకా వెళ్ళిపోయారా."

దానికి నా దగ్గర ఆధారం లేదు.

కుర్చీకి తాడు కట్టినంత మాత్రాన ఫైళ్ళు ఆగవు కదా. ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. దీనికీ శేషఫణి గారే దారి చూపించారు. భద్రయ్య గారు లేని లోటు తీర్చగలిగింది లోకంలో ఒక్క భద్రయ్య గారే. కాబట్టి 'లోటు తీర్చదగినదిగా మారువరకు' ఆయన్ని వెనక్కి పిలవాలన్నారు. దింపిన జీపే మళ్ళీ పంపించారు.

భద్రయ్య గారు మడత నలిగిన చొక్కాతో దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా తిన్నగా నా టేబులు దగ్గరికొచ్చారు.

"ఏం పాపం చేశానండీ తాతారావు గారూ మీకు?"

"నేనేం చేశానండీ, మంచిగా మాట్లాడాను."

"అదే అంటున్నాను. నవారు మంచం చేయించుకున్నానండీ, టేకు కోళ్ళతో. వేపచెట్టు కింద వేయించాను. ఒక్కటంటే ఒక్క మధ్యాహ్నం పడుకున్నాను. ఆ నిద్రే నిద్ర. ఈ కుర్చీలో ఎన్నేళ్ళు పడుకున్నా మెడనొప్పే గానీ అలాంటి నిద్ర పట్టలేదు." ఆయన మెడ నిమురుకున్నారు. "నన్ను విడిపించండి. మీ నోటితో ఇరికించారు, మీ నోటితోనే విడిపించండి."

నాకు కుర్చీ కావాలి, ఆయనకి మంచం కావాలి. మధ్యలో నా వాక్యం అడ్డంగా పడుకుంది.

ఈలోగా శేషఫణి గారు మా ఆఫీసులోనే మకాం పెట్టేశారు. ఒక జిల్లాలో ఇన్ని ఆధారం లేని మాటలు ఆయన ఎక్కడా చూడలేదట. సభల్లో మాటలకే పరిమితమైన నియమాన్ని వరండా మాటలకి కూడా విస్తరింపజేశారు. గుడ్ మార్నింగ్ అంటే ఏ విధంగా గుడ్డో చెప్పమన్నారు. ఆ రోజు మేడమ్ గదిలో వాన కురుస్తోంది. దాంతో అందరూ తలలు ఊపుకోవడం మొదలెట్టారు. సువార్త పుట్టినరోజుకి నిండు నూరేళ్ళూ బతకమని దీవించిన మేడమ్‌ని వైద్యపరమైన ఆధారం అడిగారు. ఆవిడ దీవెన వెనక్కి తీసుకున్నారు. సువార్త చాలా బాధపడింది.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఉత్తరాల దగ్గరొచ్చింది. గొడుగు కోసం అర్జీ పెట్టుకున్న ప్రతివాళ్ళకీ మేం 'తమ విన్నపం పరిశీలనలో ఉన్నది' అని రాస్తుంటాం. అది మా మండలి ఊపిరి.

"ఎవరు పరిశీలిస్తున్నారు?" అన్నారు శేషఫణి గారు.

మేడమ్ నా వంక చూశారు, నేను సువార్త వంక చూశాను.

"త్వరలో తగు చర్యలు తీసుకుంటామని రాశారు. త్వరలో అంటే ఏ తేదీ? తగు అంటే ఎంత?"

ఇక గత్యంతరం లేక గోదాము తాళం తీసి గొడుగులు పంచేశాం. మండలి పుట్టాక గొడుగు బయటికెళ్ళడం అదే మొదలు. పుచ్చుకున్న ఒక పెద్దాయన నమ్మలేక దాన్ని అక్కడే తెరిచి చూసుకున్నాడు. సగానికి పైగా గొడుగుల్ని అప్పటికే ఎలుకలు కొట్టేశాయి. అయినా ఆయన సంతోషంగానే వెళ్ళాడు.

నేను మాత్రం రోజూ ఆ సర్క్యులర్ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. కుర్చీకెళ్ళే దారి అందులోనే ఎక్కడో ఉండాలి. చివరికి దొరికింది. 'ఒక సభలో చేసిన ప్రకటనను తత్సమాన సభలో, తత్సమాన లాంఛనములతో, ఒక్కసారి మాత్రమే ఖండించవచ్చును.' అంటే శాలువా, దండ, మిక్చరు పొట్లాలతో సహా మళ్ళీ సభ పెట్టి, ఈసారి భద్రయ్య గారిని ఆధారసహితంగా తిట్టాలి. ఆయన లోటు ఎవరైనా తీర్చగలరని తేల్చాలి.

ఈ మాట చెప్పగానే భద్రయ్య గారు లేచి నా చేతులు పట్టుకున్నారు. "ఈ మేలు ఈ జన్మలో మర్చిపోను. రేపు ఆదివారం మా ఇంటికి రండి. నా గురించి మీకు తెలియనివి కూడా చెబుతాను."

వెళ్ళాను. ఆయన నవారు మంచం మీద నన్ను కూర్చోబెట్టి, తన తప్పులన్నీ ఏకరువు పెట్టారు. నిజంగానే నాకు తెలియనివి చాలా ఉన్నాయి. వాళ్ళావిడ లోపల్నుంచి వచ్చి మరికొన్ని కలిపింది. "పెళ్ళిపీటల మీద కూడా కునికారని రాసుకోండి అన్నయ్యగారూ, మా పిన్ని సాక్ష్యం చెబుతుంది" అంది. మా కులాసా చూసి ఎవరైనా పెళ్ళిసంబంధం మాట్లాడుకుంటున్నామనుకుంటారు.

ఖండన సభ రోజు హాలు కిక్కిరిసిపోయింది. మామూలు సన్మానాలకి మొహం చాటేసేవాళ్ళు కూడా ముందు వరసలో కూర్చున్నారు. భద్రయ్య గారు శాలువా కప్పించుకుని, దండ వేయించుకుని, పెళ్ళికొడుకులా వెలిగిపోతూ కూర్చున్నారు. ముందు సువార్త మైకు దగ్గరికి వెళ్ళింది.

"నేనీ ఆఫీసులో చేరిన రోజు ఆయనకి నమస్కారం పెట్టానండీ. ఇప్పటిదాకా ప్రతినమస్కారం రాలేదు. నా సెలవు చీటీ ఇచ్చిన రెండేళ్ళకి మంజూరు చేశారు. మా అక్క పెళ్ళి కోసం అడిగితే, మంజూరయ్యేసరికి వాళ్ళబ్బాయికి అన్నప్రాశన అయిపోయిందండీ. ఇవిగో ఫొటోలు."

హాలంతా ఘొల్లుమంది. భద్రయ్య గారు అందరికంటే గట్టిగా నవ్వారు. శేషఫణి గారు ఫొటోలు చూసి పచ్చ పెన్నుతో టిక్కు పెట్టుకున్నారు. మా ఆఫీసులో ఒక ఉపన్యాసాన్ని మొదట్నుంచి చివరిదాకా అందరూ వినడం నేనెప్పుడూ చూడలేదు. నాకు కాస్త అసూయ కూడా వేసింది.

తర్వాత నేను. ముందు వరసలో సత్యవేణి ఉంది. ఆవిడ చేతిసంచిలోంచి లేతనీలం అంచు కనిపిస్తోంది. సభ అవగానే కుర్చీ మీద తనే స్వయంగా పరుస్తానని, సొరుగులోంచి ముందురోజే ఇంటికి తెప్పించుకుని మరీ తీసుకొచ్చింది.

"భద్రయ్య గారు పనిచేయరు," అని మొదలెట్టాను. "ఫైలు చదవరు. చదివినా గుర్తుండదు. ఆయన పెట్టిన సంతకాల్లో తలకిందులుగా పెట్టినవి కూడా ఉన్నాయి, ఇవిగో. ఆయన కుర్చీలో ఒక బస్తా పెట్టినా పని ఇలాగే జరిగేది. ఆ మాటకొస్తే బస్తా గుర్రు పెట్టదు."

చప్పట్లు మొదలయ్యాయి. అదే పొరపాటైపోయింది. ఎన్నో ఏళ్ళుగా చప్పట్లు పడ్డప్పుడల్లా నా గొంతు దానంతటదే వణుకుతుంది. వణికాక నా నోటికి తెలిసింది ఒక్కటే. దాన్ని ఆపాలని చూశాను. దేవుడి మీద ఒట్టు, చూశాను. అది ఆగలేదు.

"ఇంతటి నిద్రమొహం న భూతో న భవిష్యతి. ఆ విషయంలో ఆయన లేని లోటు ఎవరూ తీర్చలేనిది."

చప్పట్లు ఆగిపోయాయి. భద్రయ్య గారు దండ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. శేషఫణి గారు ఎర్ర పెన్ను తీశారు.

"పునర్ధ్రువీకరణ," అన్నారు.

"అది నిద్ర విషయంలోనండీ. పని విషయంలో కాదండీ."

"సదరు కుర్చీలో ఇన్నాళ్ళూ జరిగిన ప్రధాన కార్యక్రమమేమిటో సభలో ఎవరైనా చెబుతారా?"

అందరి తలలూ భద్రయ్య గారి వైపు తిరిగాయి. ఇక చెప్పక్కర్లేదు. ఖండన ఒక్కసారే. అయిపోయింది.

సత్యవేణి సంచి మూసేసి, మిక్చరు పొట్లం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. భద్రయ్య గారు తాడు కింద నుంచి వంగి దూరి, తన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. ఫైలు తీసుకెళితే చెయ్యి చాపేవారు, అంతే.

చూస్తుండగానే నా వంతు వచ్చింది. నేను రిటైరయ్యే రోజు నన్ను వేదిక మీద కూర్చోబెట్టారు. నా గురించి మాట్లాడడానికి ఎవరున్నారు? మాట్లాడేవాణ్ణి నేనే కదా. సత్యవేణి మాత్రం పట్టుచీర కట్టుకుని, పక్కింటావిడని కూడా వెంటబెట్టుకొచ్చి ముందు కూర్చుంది. మా ఆయన గురించి ఆఫీసులో ఎంత గొప్పగా చెబుతారో చూద్దురుగాని అని తీసుకొచ్చిందట.

మేడమ్ కాగితం చూసి చదివారు. "శ్రీ తాతారావు ఈ కార్యాలయంలో పనిచేశారు. హాజరుపట్టీ ప్రకారం ఎక్కువ రోజులు వచ్చారు. ఈ రోజుతో మానేస్తారు. ఇది నిజం." కూర్చున్నారు.

సువార్త పాపం ఏదో చెప్పాలని చాలా తన్నుకుంది. "ఆయన అడిగితే పెన్నిస్తారండీ," అంది. కాసేపు ఆలోచించింది. "మళ్ళీ అడిగి పుచ్చుకుంటారండీ." శేషఫణి గారు టిక్కు పెట్టారు.

అంతే. ఇంక ఎవరూ లేవలేదు. పక్కింటావిడ సత్యవేణి వంక చూసింది. సత్యవేణి నేల చూపులు చూస్తోంది. అజాతశత్రువని ఎంతమందిని అన్నాను. వాళ్ళలో సగం మందితో నేనే మాట్లాడేవాణ్ణి కాదు. కర్మయోగులని, నిగర్వులని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచిపెట్టాను. అన్ని అబద్ధాల్లో ఒక్కటి, ఒకే ఒక్కటి నాకు మిగల్లేదు. ఆ క్షణాన ఎవరైనా లేచి పేరు మార్చకుండా ఇంకొకడి గురించి చెప్పినా కళ్ళు తుడుచుకునేవాణ్ణి.

అప్పుడు వేదిక మీద నా పక్కన కునుకుతున్న భద్రయ్య గారు లేచారు. మైకు దగ్గరికి వెళ్ళి, దాన్ని రెండుసార్లు తట్టారు.

"తాతారావు గారు లేని లోటు ఎవరూ తీర్చలేరు."

హాలు ఉలిక్కిపడింది. శేషఫణి గారు లేచి నిలబడ్డారు. "ఆధారం?"

"నేనేనండీ ఆధారం," అన్నారు భద్రయ్య గారు. "సూపరింటెండెంటునన్న మాటే గానీ నాకు ఒక్క ఫైలు చెయ్యడం రాదు. అన్నీ ఆయనే చేశారు. నేను సంతకం పెట్టాను. కొన్ని తలకిందులుగా పెట్టాను, మీరే చూశారు. కావాలంటే ఇప్పుడే ఓ ఫైలు తెచ్చి నా ముందు పెట్టండి. చేతకాదని చేసి చూపిస్తాను."

ఫైలు తెచ్చారు. ఆయన దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు, ట్యాగు ఊడదీశారు, కాగితాలు కిందపడ్డాయి. ఏరి మళ్ళీ పెట్టబోతే మొదటి పేజీ చివరికి, చివరి పేజీ మొదటికి వెళ్ళింది. హాలంతా ఊపిరి బిగబట్టి చూసింది. శేషఫణి గారు మేడమ్ వైపు తిరిగారు.

"మీకు వచ్చా?"

"నేనూ సంతకమేనండీ," అన్నారు మేడమ్ నేల చూస్తూ.

శేషఫణి గారు ఆ ఫైలు తీసుకుని మొదట్నుంచి చివరిదాకా తిరగేశారు. తర్వాత జేబులోంచి పచ్చ పెన్ను తీసి టిక్కు పెట్టారు. చేరిన దగ్గర్నుంచి ఆయన వెతుకుతున్న పూర్తి ఆధారం ఉన్న ప్రశంస అదేనట. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. పక్కింటావిడ చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత అందరూ కొట్టారు. నాకు కళ్ళు తుడుచుకోవడానికి చేతిరుమాలు దొరకలేదు. సత్యవేణి లేచొచ్చి సంచిలోంచి తువ్వాలు తీసి ఇచ్చింది.

భద్రయ్య గారు వచ్చి నా పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగారు. ఇన్నాళ్ళకి నాతో మాట్లాడారు.

"ఎల్లుండి సోమవారం. పెందలాడే వచ్చెయ్యండి. నేనొక్కణ్ణే ఎందుకు రావాలండీ?"

జీపులో నన్ను ఇంటి దగ్గర దింపారు. సోమవారం అదే జీపు మళ్ళీ వచ్చింది. సత్యవేణి క్యారేజీ చేతికిస్తూ, వీధిలోకి వినబడేలా "మా ఆయన లేకపోతే ఆఫీసు నడవదట, ఏం చేస్తాం" అంది. పక్కింటావిడ గోడ మీద నుంచి తలూపింది. ఎంతైనా తనూ సాక్షే.

నాకు సూపరింటెండెంటు కుర్చీ రాలేదు. దాంట్లో భద్రయ్య గారు ఒక కన్ను తెరిచి నన్ను చూసి, మళ్ళీ మూసుకున్నారు. నేను నా చేతుల్లేని గుమాస్తా కుర్చీ దగ్గరికెళ్ళి, లేతనీలం తువ్వాలు దులిపి, నాలుగు మడతలు పెట్టి, దాని వీపు మీద వేసుకుని కూర్చున్నాను. సువార్త చూసింది. మేడమ్ చూశారు. శేషఫణి గారు నా ముందుకొచ్చి నిలబడి, తువ్వాలు వంక చూసి, ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. ఏమైనా అంటే ఆయనే ఆధారం చూపించాలి కదా.

నేను ఫైలు ఇవతలికి లాక్కున్నాను.